దండలో దాగిన తక్షకుడు

శ్రీపెరుంబుదూర్ అంటే మన తాతల తరానికి రామానుజాచార్యులు పుట్టిన ఊరు. వేలూరు, గుడియాత్తం, అణైకట్టు వైపు ఇప్పుడు యాభై దాటిన మనబోటి తెలుగువాళ్లకు మాత్రం ఆ పేరు వినగానే 1991 మే 21 రాత్రి గుర్తొస్తుంది, ఆచార్యులవారు ఆ తర్వాతే. విశాఖపట్నం నుంచి ప్రచారానికి వచ్చిన రాజీవ్ గాంధీకి ఒక యువతి దండ వేసింది. కాళ్లకు దణ్ణం పెట్టబోతున్నట్టు వంగి, ఒంటికి కట్టుకున్న బాంబు పేల్చింది.

దేవుడి దగ్గరకైనా పెద్దల దగ్గరకైనా మనం వెళ్లేది దండతోనూ దణ్ణంతోనూ. మీసకట్టు వచ్చీరాని వయసులో ఆ వార్త చదివినవాడికి వంగిన తల మీదే నమ్మకం సడలింది. నలభై ఏళ్లవాడు అలాంటి వార్తను మరో వార్త పక్కన పెట్టుకోగలడు. కుర్రవాడికి పక్కన పెట్టుకోవడానికి ఇంకొకటి ఉండదు.

భారతం ఆదిపర్వంలో ఇలాంటి కుర్రవాడే ఉన్నాడు. అతని తండ్రి పరీక్షిత్తు మహారాజును తక్షకుడనే నాగు కోరలు చాపుకుంటూ వచ్చి కాటేయలేదు. మునుల వేషంలో కొందరు కానుకగా తెచ్చిన పండులో పురుగై దాగి వచ్చాడు. కొడుకు జనమేజయుడికి పసితనంలోనే పట్టం కట్టారు. పెరిగాక ఆ కథంతా విన్నాడు, సర్పయాగం మొదలుపెట్టాడు. ఒక్క తక్షకుడి మీద కోపం పాముల జాతి మొత్తం మీదికి పాకింది. పసితనపు గాయంతో వచ్చే చిక్కు ఇదే, చేసినవాడి దగ్గర అది ఆగదు. రాజీవ్‌ను చంపింది శ్రీలంక తమిళుల ఎల్‌టీటీఈ. 1991 తర్వాత తమిళనాట శిబిరాల్లో తలదాచుకున్న ఈలం శరణార్థులకు ఆ సంగతి బాగా తెలుసు. మనవాళ్లు భారతకథను పెట్టింది ఆ యాగశాలలోనే. పగతో రగులుతున్న రాజుకు వైశంపాయనుడు ఆయన ముత్తాతల పగలెలా ముగిశాయో చెప్పుకుంటూ వచ్చాడు. చివరకు ఆస్తీకుడనే బాలుడు వరం అడిగి యాగం ఆపాడు. అతని తల్లిది నాగకులం.

తండ్రి పోయేనాటికి ప్రియాంకా గాంధీకి పంతొమ్మిదేళ్లు. 2008 మార్చి 19న ఆమె మన వేలూరు మహిళా జైలుకు వచ్చి, హత్య కేసులో శిక్ష పడిన నళినిని కలుసుకున్నారు. తాను అనుభవించిన హింసతో, తనకు జరిగిన నష్టంతో రాజీపడేందుకే వచ్చానని తర్వాత చెప్పారు. నళిని ఉరిశిక్ష 2000లోనే యావజ్జీవంగా మారింది, సోనియా గాంధీ మాట కూడా అందుకు తోడైంది. ఎల్‌టీటీఈ నాయకుడు ప్రభాకరన్ శవాన్ని టీవీలో చూసినప్పుడు ఆయన పిల్లల కోసం బాధపడ్డానని రాహుల్ గాంధీ 2018లో అన్నారు. ఏళ్ల తరబడి కోపం ఉండేదనీ దాచలేదు. నాకు ఆ ఒప్పుకోలే నచ్చింది, ఒక్క రోజులో క్షమించేశానంటే నమ్మబుద్ధి కాదు.

పంతొమ్మిదేళ్లవాడు మరొకడున్నాడు. జోలార్‌పేట పేరరివాళన్. ఆ బాంబు కోసం రెండు 9 వోల్టుల బ్యాటరీలు కొని ఇచ్చాడని 1991 జూన్‌లో పట్టుకున్నారు. ఉరిశిక్ష పడింది, 2014లో యావజ్జీవమైంది. అవి దేనికో తనకు తెలియదన్న అతని మాటను రాసుకోలేదని వాంగ్మూలం తీసుకున్న అధికారే తర్వాత వెల్లడించారు. 2022 మే 18న సుప్రీంకోర్టు విడుదల చేసేనాటికి అతనికి యాభై ఏళ్లు. కొడుకు కోసం కోర్టుల చుట్టూ, నాయకుల చుట్టూ తిరిగిన అర్పుతమ్మాళ్‌ను మన వైపు తెలియనివారు తక్కువ.

ప్రియాంక రాకను పురాణంతో పోల్చి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఆ రాత్రి పోలీసులు, కార్యకర్తలు, సభకు వచ్చిన మామూలు మనుషులు కూడా పోయారు. గాయపడి బతికిన ఒక మహిళా పోలీసు అధికారి దోషుల విడుదలను గట్టిగా వ్యతిరేకించారు. ఆమెను క్షమ తెలియని మనిషి అనే హక్కు మనకెక్కడిది? ఆస్తీకుడు కూడా తక్షకుణ్ణి తనంతట తాను క్షమించలేదు. తండ్రిని పోగొట్టుకున్నవాడి దగ్గరకే వెళ్లి అడిగాడు.