తేలు తోక బుడగలు

కామిక్స్‌లో మనల్ని కలవరపెట్టేది నెత్తురే అనుకునేవాణ్ణి, ‘భీమాయన’ (2011) చదివేదాకా. అంబేద్కర్ జీవితంలోని కొన్ని ఘట్టాలకు గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ వేసిన బొమ్మల పుస్తకం అది. అందులో మెత్తటి మాటల బుడగలు పిట్టల్లా ఉంటాయి. కుట్టే మాటల బుడగలకు తేలు తోక ఉంటుంది.

1934లో దౌలతాబాద్ కోట చూడబోయి, గుమ్మం దగ్గరి కొలను నీళ్లతో అంబేద్కర్ బృందంలో కొందరు ముఖాలూ కాళ్లూ కడుక్కున్నారు. నీళ్లు మైలపడ్డాయని ఒక ముసలాయన అరుస్తూ వచ్చాడు. గుంపు పోగైంది. అరిచినవాళ్లు ముస్లింలు. చివరికి, లోపల ఎక్కడా నీళ్లు ముట్టకుండా చూడమని ఆయుధం పట్టిన సిపాయిని వెంట పంపారు.

ఆ కోట అప్పుడు నిజాం రాజ్యంలోదే. చార్మినార్ పక్కన ఇరానీ చాయ్ తాగుతూ మన తెహజీబ్ గురించి గొప్పలు పోయే మనకు ఇది మింగుడుపడదు. ‘చూశారా వాళ్లు!’ అనడం సులువు. ‘అది పక్కోళ్ల నుంచి అంటిన జబ్బు’ అనడం ఇంకా సులువు. కానీ ఆ పుస్తకంలోనే మహాడ్ చెరువూ ఉంది, బరోడాలో ఇల్లు దొరకని రోజులూ ఉన్నాయి. ఎవరి మీదికీ తోసెయ్యడానికి వీల్లేదు.

ఇవాళ కూడా అద్దెకు ఇల్లు అడిగితే నవ్వుతూనే, ‘మీరేమిటోళ్లు?’ అంటాం. ఆ బుడగని వ్యామ్ దంపతులు ఎలా గీస్తారు? పిట్టలానా, తేలు తోకతోనా?