ధర చీటీ లేని గోడలు

బుజ్జమ్మా,

మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వేదో బొమ్మ కొంటానంటున్నావని సగం చెప్పి ఏడ్చింది, మిగతా సగం నేనే అర్థం చేసుకున్నాను. కోప్పడడానికి రాయడం లేదు. ఢిల్లీలో సెలవు రోజున బొమ్మలు చూడ్డానికి వెళ్తున్నావని మొదటిసారి విన్నప్పుడు మీ పెద్దమ్మకి రెండుసార్లు చెప్పుకుని మురిసిన వాణ్ణి నేనే.

పోయినసారి నేనొచ్చినప్పుడు సాకేత్‌లో కిరణ్ నాడార్ మ్యూజియానికి తీసుకెళ్ళావు కదా. నస్రీన్ మొహమ్మదీ బొమ్మల దగ్గర నువ్వు అడుగు కూడా ఆపలేదు. తెల్ల కాగితం, సిరా, సన్నటి గీతలు, ఇంతే కదా పెదనాన్నా అన్నావు. ఆవిడ బరోడాలో పాఠాలు చెప్పేది. నరాల జబ్బుతో ఒళ్ళు స్వాధీనం తప్పుతున్న రోజుల్లో కూడా కాగితం మీద గీత వెంట్రుకవాసి వణకలేదు. 1990లో పోయింది. 2016లో న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్ళు మెట్ బ్రాయర్ అనే కొత్త శాఖ తెరిస్తే, మొదటి ప్రదర్శనల్లో ఒకటి ఆవిడదే. ఈ న్యూయార్క్ మాట నా నోట్లోంచి రాగానే గబగబా వెనక్కి వెళ్ళి ఫొటో తీసుకున్నావు. నా దిగులు అక్కడ మొదలైంది.

నలుగురి మాట నమ్మి పోగొట్టుకున్న మన బావి పక్క ఎకరం కథ నీకు తెలిసిందే. తాతయ్య ఎవరికి జామీను సంతకం పెట్టారో ఆ పేరు ఇప్పుడెందుకులే. “నలుగురూ పెద్దమనిషన్నారు, నేనూ అనుకున్నాను” అనేవారు, పోయేదాకా. ఆ ఎకరం పోయిన ఏడే నాకు హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ సీటొచ్చింది. ఫీజు గడువు రోజున ఆయన అరుగు మీద కూర్చుని నా మొహం చూడలేకపోయారు. నేను గుమాస్తా పరీక్షకి దరఖాస్తు పెట్టాను. నా రంగుల డబ్బా మీ నాన్న చేతికెళ్ళింది. వాడు దానితో వినాయకుడికి కిరీటాలు వేసేవాడు.

అంతకు ముందు నా మధ్యాహ్నాలన్నీ రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీలో గడిచేవి. 1925లో, ఇరవై ఏడేళ్ళకే మశూచితో పోయిన చిత్రకారుడు ఆయన. ఆ హాల్లో నేనూ, వాచ్‌మనూ, గోడల మీద ఆయనా. ఇది గొప్పది, అది కాదు అని చెప్పేవాడు లేడు. నా కళ్ళకి నేనే దిక్కు. నాకు తెలిసిన కాస్త బొమ్మలు చూడ్డం అక్కడ వచ్చిందే.

ఇప్పుడో! ముందు పక్కనున్న అట్ట చదువుతారు, తర్వాత బొమ్మకి వీపు తిప్పి సెల్ఫీ. హుస్సేన్ వేసిన ‘గ్రామయాత్ర’ అనే బొమ్మ 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో దాదాపు 118 కోట్లకి పోయిందని పేపర్లో పడ్డ రోజు, మా వాకింగ్ మిత్రులు కోటికెన్ని సున్నాలో లెక్కేశారు గానీ అందులో ఏముందని ఒక్కరూ అడగలేదు. పదమూడు గళ్ళలో పల్లె బతుకుంది. 1954 నాటి బొమ్మ. ఏళ్ళ తరబడి ఓస్లోలో ఓ ఆసుపత్రి గోడ మీద ఉంది. ఆ దారిన పోయినవాళ్ళల్లో ఎవరైనా ఒక్క నిమిషం ఆగి ఉంటే, వాళ్ళు చూశారు బొమ్మని. అదే 1954లో మన రాధాకృష్ణన్ గారు ఢిల్లీలో జైపూర్ హౌస్‌లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌ని ప్రారంభించారు. ప్రజలు చూడ్డానికి, కొనడానికి కాదు.

ఇక సూటిగా చెబుతాను. ప్రదర్శన ఓపెనింగ్‌కి పిలిచి, చేతికి గ్లాసిచ్చి, “ఈ కుర్రాడి బొమ్మ అయిదేళ్ళలో పదింతలవుతుంది మేడమ్” అన్నవాడు అమ్ముకునేవాడు. రేపు నీకు డబ్బు అవసరమైతే బొమ్మని బంగారంలా తాకట్టు పెట్టలేవు. తిరిగి కొనమంటే ఆ గ్లాసిచ్చినవాడే ఫోన్ ఎత్తడు. ఇంతకీ ఆ బొమ్మలో ఏముందో మీ అమ్మకి ఒక్క ముక్కయినా చెప్పావా? ధర చెప్పావట.

జైపూర్ హౌస్‌కి వెళ్ళు. ఖాన్ మార్కెట్ మెట్రోలో దిగి ఆటో ఎక్కు. అమృతా షేర్‌గిల్ దక్షిణాది తిరిగొచ్చి 1937లో వేసిన బొమ్మల్లో కొన్ని ఆ గ్యాలరీవే. ఫోన్ సంచిలో పడెయ్. అట్ట చివర్లో చదువు. ఒక గది చాలు, మిగతావి ఇంకో వారం. సాకేత్‌లో టికెట్టే లేదు. సోమవారం రెండూ మూసేస్తారు, సెలవు చూసుకుని వెళ్ళు. ఏడాది ఇలా తిరిగాక కూడా బొమ్మ కొనాలనే ఉంటే నీ జీతంలో దాచి కొనుక్కో, నేనూ ఒక చెయ్యి వేస్తాను.

మీ నాన్న పేరు మీద వచ్చిన డబ్బు జోలికి మాత్రం వెళ్ళకు. డిపాజిట్ కాగితాలు మీ అమ్మ నాకు పంపేసింది, నా బీరువాలో ఉన్నాయి. సంతకం కోసం ఆవిడని మళ్ళీ అడగొద్దు.

మీ పెదనాన్న