సంక్రాంతి పరమార్థము



మన మొగల్తూరు సీమలో సంక్రాంతి పంటల పండుగ. 1852వ సంవత్సరమున ధవళేశ్వరపు టానకట్ట పూర్తియైనది మొదలు గోదావరీజలము కాలువలవెంటఁ బాఱి యీ డెల్టాకు సమృద్ధి నొసఁగుచున్నది. క్రొత్త ధాన్య మిల్లు చేరినతోడనే హరిదాసునకును, గంగిరెద్దులవానికిని, పాలేరునకును బంచి పెట్టుట పెద్దల యాచారము. పంట యీశ్వరుని దానమనియు, దాని నొక్కఁడే యనుభవింపరాదనియు నీ యాచారము బోధించుచున్నది. ఇది మిక్కిలి శ్లాఘ్యము.

కాని కనుమనాఁడు పశువులకుఁ బసుపుకుంకుమలు పెట్టి పూజించు మనమే, భోగినాఁటి సాయంకాలము పసిబిడ్డ తలపై భోగిపండ్లు పోయునపుడు, ఆ బిడ్డను గన్నతల్లియే యైనను, వితంతువగుటచేత నామెను దూరముగా నిలుపుచున్నాము. ఇది ధర్మమా? వితంతు వివాహమును 1856వ సంవత్సరపు శాసన మంగీకరించెను. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించిరి. అయినను నేఁటికిని బెక్కిండ్లలోఁ బేరంటపుఁ బిలుపు ఆమెకు లేదు.

తల్లి దీవెన యమంగళమని యే దేవుఁడు చెప్పెను? ఈశ్వరుఁ డందఱకుఁ దండ్రియని నమ్మువారు రాఁబోవు భోగినాఁడు తొలి దోసెడు పండ్ల నామెచేతనే పోయింపవలెను. అదియే నిజమైన పూజ. సర్వలోక పిత యగు పరమేశ్వరుఁడు మన కట్టి ధైర్యమును బ్రసాదించుఁగాక!