ఐదవ పిచ్చుక

ధ్యాన భాగములు: మత్తయి 6:25-34, 10:28-31, లూకా 12:6, 7, 24, ద్వితీయోపదేశకాండము 22:6, 7

చింతతో క్రుంగినవారికి ప్రభువు కొండమీది ప్రసంగములో ఇచ్చిన మొదటి ఔషధము ఒక చూపు. రేపటి కూటికొరకును కట్టుబట్టకొరకును కలవరపడు జనులకు ఆయన ఆకాశమున ఎగురు పక్షులను చూపెను. ఈ మాట తేలికగా చదివి దాటిపోదగినది కాదు. మత్తయి 6:26లో నున్న గ్రీకు క్రియ ‘ఎంబ్లెపో’. ఒకదానిమీద దృష్టి నిలిపి చూచుట దాని భావము. లూకా 12:24లో అదే బోధ కాకులనుగూర్చి వచ్చునప్పుడు వాడబడిన క్రియ ‘కటనొయెయో’, అనగా మనస్సు పెట్టి తలపోయుట. పొలములోని పువ్వులనుగూర్చి మత్తయి 6:28లో వాడబడినది ‘కటమంతానో’, అనగా పాఠమువలె చక్కగా నేర్చుకొనుట. చూచుట, తలపోయుట, నేర్చుకొనుట అను మూడు మెట్లు ఈ మూడు క్రియలలో నున్నవి. పక్షులను చూచుట సోమరుల కాలక్షేపమని యెంచు భక్తులు వీటిని ఒక మారు విచారింతురుగాక.

సంఘ చరిత్రలో ఈ ఆజ్ఞను అక్షరాల గైకొనినవారు లేకపోలేదు. కొండమీది ప్రసంగముపై మార్టిన్ లూథరు చేసిన బోధలు 1532లో అచ్చుపడెను. అందులో ఆయన పక్షులను మనుష్యులకు ఉపాధ్యాయులుగా నిలిపి, వేదపండితులు సైతము వాటియెదుట శిష్యులై కూర్చుండవలసిన వారని బోధించెను. లండనులోని ఆల్ సోల్స్ దేవాలయమున బహుకాలము పరిచర్యచేసిన జాన్ స్టాట్ (1921-2011) బాల్యమునుండి పక్షులను ప్రేమించినవాడు. వైద్యుడైన ఆయన తండ్రి పల్లెపట్టుల నడకలలో నోరు మూసికొని కన్నులు తెరచి నడువవలెనని కుమారునికి నేర్పెను. స్టాట్ సువార్త నిమిత్తము ఏ ఖండమునకు పోయినను దుర్భిణియు కెమేరాయు వెంట తీసికొనిపోవుచుండెను. పక్షులనుండి విశ్వాసి నేర్చుకొనదగిన పాఠములను తాను తీసిన ఛాయాచిత్రములతో కూర్చి 1999లో ఒక గ్రంథము ప్రకటించెను.

ఇట్టి చూపునకు దూరదేశము పోనక్కరలేదు. నాలుగు చెట్లున్న పెరడును, దాని చివర చిన్న నీటిగుంటయు నున్న యింట తెల్లవారుజామున గడియసేపు మౌనముగా కూర్చుండువాడు ఎన్నో వింతలు చూచును. గట్టుమీద గుడ్డికొంగ మట్టిరంగు రెక్కలు ముడుచుకొని కదలక నిలిచియుండును. అది యున్నదని సహితము కంటికి తెలియదు. అడుగుల చప్పుడు వినినంతనే యెగురును, అప్పుడు దాచియుంచిన తెలుపు ఒక్కసారిగా మెరయును. లకుముకిపిట్ట తన కొమ్మను విడిచిపోయినను తిరిగి ఆ కొమ్మకే వచ్చును. గట్టు మన్నులో సొరంగము త్రవ్వి గూడు చేసికొనును. వానకాలమున మగ గిజిగాడు పచ్చి ఆకుల పోగులు చీల్చి తెచ్చి, నీటిమీదికి వంగిన కొమ్మకు గూడు అల్లును. ఆడుపక్షి వచ్చి దానిని పరీక్షించి, నచ్చినయెడలనే అందులో నిలుచును.

పక్షులు విత్తవు, కోయవు, కొట్లలో కూర్చుకొనవు అని ప్రభువు చెప్పినది సత్యము. అయితే అవి పనిచేయవని ఆయన చెప్పలేదు. గిజిగానికంటె కష్టజీవి ఎవరు? అది వేకువను లేచి తన పని తాను చేసికొనును గాని, రేపటి భయమును నేటి గూటిలోనికి మోసికొని రాదు. ప్రభువు మాన్పదలచినది శ్రమను గాదు, శ్రమలోనికి చొచ్చిన చింతను.

నేడు సెల్‌ఫోనున్న ప్రతివాని చేతిలోను కెమేరా యున్నది. ఇది మంచి సాధనమే. చక్కని చిత్రము తీయగోరువాడు ఓర్పు నేర్చుకొనక తప్పదు. వెలుగుకొరకు కనిపెట్టవలెను, పక్షి తన యిచ్ఛ చొప్పున దగ్గరకు వచ్చువరకు కదలక యుండవలెను. అయినను ఈ సాధనమునందు ఒక శోధన పొంచియున్నది. చూచుటకు వచ్చినవాడు సంపాదించుటకు కూర్చుండును. పక్షిని మరచి చిత్రమును ప్రేమించును. పికిలిపిట్ట పొదలో నడుమెత్తున గూడు పెట్టుకొనును. గుడ్లు స్పష్టముగా కనబడవలెనని ఒకడు అడ్డమున్న ఆకులను త్రుంచును, కొమ్మను వంచును, మరల మరల దగ్గరకు పోవును. తల్లిపక్షి బెదరి గూడు విడిచిపోవచ్చును. ఆకుల మరుగు పోయిన గూటిని కాకులును జెముడుకాకులును కనిపెట్టి గుడ్లను పిల్లలను తినిపోవును. చిత్రము చూచినవారు మెచ్చుకొందురు. గూడు మాత్రము పాడైపోవును. అందుచేతనే అనుభవజ్ఞులైన పక్షిప్రియులు గూళ్లయొద్ద చిత్రములు తీయుట మానవలెనని హెచ్చరించుచున్నారు.

ఈ హెచ్చరిక లేఖనములకు క్రొత్తది కాదు. త్రోవలో పక్షిగూడు కనబడినయెడల పిల్లలతో కూడ తల్లిని తీసికొనరాదని మోషే ధర్మశాస్త్రము శాసించెను. రాజులను, యుద్ధములను, బలిపీఠములను గూర్చి శాసనములిచ్చిన దేవుడు చెట్టుమీది గూటికొరకును ఒక శాసనము వ్రాయించెను. విశేషమేమనగా, తలిదండ్రులను సన్మానించువారికి ఏ దీర్ఘాయువు వాగ్దానము చేయబడెనో, ఈ చిన్న ఆజ్ఞను గైకొనువారికి అదే వాగ్దానము చేయబడెను. గూటియెదుట చేయి వెనుకకు తీసికొనుటయు భక్తియే.

ఆదాము జంతువులకును పక్షులకును పేరులు పెట్టెనని ఆదికాండము చెప్పుచున్నది. పేరు తెలిసినదానిని మనుష్యుడు సులభముగా నశింపనియ్యడు. 2013 మొదలుకొని మన దేశములోను ఫిబ్రవరి మాసమున నాలుగు దినములు సామాన్య జనులు తమ పెరళ్లలోను చెరువులయొద్దను పదునైదు నిమిషములకు తక్కువ కాకుండ నిలిచి, కనబడిన పక్షులను లెక్కించి తెలియజేయుచున్నారు. ఇట్టి సామాన్యుల లెక్కల ఆధారముననే 2023లో భారతదేశ పక్షుల స్థితిగతుల నివేదిక వెలువడెను. అందు 942 జాతులు పరిశీలింపబడగా, వాటిలో 178 జాతులు అత్యవసరముగా కాపాడబడవలసినవని తేలెను. తోటను సేద్యపరచుటకును కాచుటకును నరుడు నియమింపబడెనని యెరిగిన విశ్వాసికి ఈ లెక్క కేవలము వార్త కాదు. గృహనిర్వాహకుని యెదుట పరచబడిన పద్దు.

లెక్కల మాట వచ్చినది గనుక సువార్తలలోని మరియొక లెక్కను గమనింపవలెను. మత్తయి వ్రాసిన చొప్పున రెండు పిచ్చుకలు ఒక ‘అస్సారియొను’నకు అమ్మబడును. అది దేనారములో పదునారవ వంతైన చిన్న నాణెము. దేనారము ఒక దినపు కూలి. లూకా వ్రాసిన చొప్పున రెండు అస్సారియొనులకు ఐదు పిచ్చుకలు వచ్చును. రెండింటికి ఒక నాణెమైనప్పుడు రెండు నాణెములకు నాలుగే రావలెను. ఐదవది కొసరు. బీదలు కొనుక్కొను ఆ సరకులో సహితము వెల కట్టబడనిది ఆ ఐదవ పిచ్చుక. దేవునియెదుట మరువబడనివాటిలో అదియు నున్నదని ప్రభువు బోధించెను. లోకపు అంగడిలో కొసరుగా త్రోయబడినవారు, పింఛనుకొరకు వరుసలో నిలిచి తిరిగివచ్చు వృద్ధులు, కుటుంబపు లెక్కలో ఎవరును చేర్చని విధవరాండ్రు ఈ మాటను తమదిగా పట్టుకొందురుగాక.

అయినను ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న యున్నది. పక్షులను శ్రద్ధగా చూచువాడు వాటి మరణమును కూడ చూచును. గాలివానకు గూడు రాలును. వేసవిలో గుంట యెండిపోవును. డేగ పిల్లను తన్నుకొనిపోవును. తండ్రి పోషించుచున్నాడను మాటతో ఈ దృశ్యము పొసగుట యెట్లు? బిడ్డను మట్టికి అప్పగించిన తల్లియు, కోతకు వచ్చిన పొలమును వరదలో పోగొట్టుకొన్న రైతును ఈ ప్రశ్ననే అడుగుదురు.

మత్తయి 10:29 మూలములో నున్నది ‘మీ తండ్రి లేకుండ’ అను మాట మాత్రమే. వాక్యము పూర్తిగా బోధపడవలెనని అనువాదకులు చిత్తమనియో, సెలవు అనియో, ఎరుక అనియో ఒక పదము చేర్చుదురు. ఆ చేర్పులు తప్పు కావు గాని, మూలమందలి క్లుప్తతలో ఒక ఓదార్పు దాగియున్నది. పిచ్చుక యెన్నడును పడదని ప్రభువు చెప్పలేదు. పడుచోట తండ్రి లేకుండ పోడని చెప్పెను. ఈ మాట సుఖముగా నున్నవారితో చెప్పబడినది కాదు. హింసకు పంపబడుచున్న శిష్యులతో చెప్పబడినది. వారిలో అనేకులు పడిరి. వారిని పంపినవాడును నేలను పడిన గోధుమగింజవలె తన్ను అప్పగించుకొనెను. నక్కలకు బొరియలును పక్షులకు గూళ్లును ఉండగా, తల వాల్చుటకు తనకు స్థలము లేదని ఒప్పుకొన్నవాడాయన. గూడులేని ఆ ప్రభువే నేడు విశ్వాసికి గూడు.

కాబట్టి రేపు వేకువను పెరటి తలుపు తెరచువాడు కెమేరాకంటె ముందు కన్నులను తెరచునుగాక. పక్షి నిలిచినయెడల చూచి దేవుని స్తుతించునుగాక; ఎగిరిపోయినయెడల దానిని పోనిచ్చి, అప్పుడును దేవుని స్తుతించునుగాక. ఐదవ పిచ్చుకను మరువని తండ్రికి, కుమారుడైన యేసుక్రీస్తు ద్వారా, సదాకాలము మహిమ కలుగునుగాక. ఆమేన్.