కంఠ మొకరిది, ముఖ మొకరిది

వాక్యభాగము: 1 దినవృత్తాంతములు 25:1–8



ఈ అధ్యాయమును ఆదివారపు ఆరాధనలో చదువుడని మమ్ము ఇంతవరకు ఎవరును అడుగలేదు. అంతయు పేర్లు, చీట్లు, లెక్కలు. చదువువానికి నాలుక తడబడును, వినువానికి కునుకు వచ్చును. అయినను ఈ నెల దీనినే ధ్యానించుటకు మన యౌవనస్థులు కారణమైరి. ఆ సంగతి క్రింద చెప్పెదము.

దావీదు రాజు తన వృద్ధాప్యమందు, ఇంకను కట్టబడని మందిరమునకు ముందుగానే పాటగాండ్రను ఏర్పరచెను. గోడ లేవకమునుపే పాట సిద్ధమయ్యెను. ఆసాపు, హేమాను, యెదూతూను అను ముగ్గురి ఇండ్లవారు ఈ పనికి నియమింపబడిరి. వారి లెక్క 288. పండ్రెండుగురు చొప్పున 24 వంతులు. హేమాను సంతానమును గూర్చి చెప్పునప్పుడు 14 మంది కుమారులనియు 3 కుమార్తెలనియు గ్రంథకర్త విడువక వ్రాసెను. వీరు గొంతున్నది గదా అని వచ్చి నిలిచినవారు కారు, కూర్చుండి నేర్చుకొన్నవారు. ఇక ఎనిమిదవ వచనము చూడుడి. ఎవరి వంతు ముందు, ఎవరి వంతు తరువాత అని తేల్చుటకు చీట్లు వేసిరి. ఆ చీట్లలో పిన్నపెద్దల తేడా లేదు, నేర్పువాడు నేర్చుకొనువాడు అను తేడాయు లేదు. రాజునకు ఇష్టుడని యొకనిని, చూపున కింపైనవాడని మరియొకనిని ముందు నిలుపలేదు.

ఇక మన బిడ్డల సంగతి. ఇంటర్మీడియెటు, డిగ్రీ చదువుచు హాస్టళ్లలో నుండు మన పిల్లలు సంక్రాంతి సెలవులకు వచ్చి, తామే యొక క్రీస్తు పాట వ్రాసికొని, తామే బాణీ కట్టుకొని, దానిని సెల్‌ఫోనుతో చిత్రించి యూట్యూబులో పెట్టవలెనని తలంచిరి. పాప్ పాటల వీడియోవలె నుండవలెనట. గిటారు ఒకటి, మన పేటలోని డప్పు ఒకటి, పరుగెత్తు తాళము. ఏడుగురు కలిసి మా యొద్దకు వచ్చి యొక నోటుపుస్తకము చూపిరి.

ఈ పని యెరుగని పెద్దలకొరకు కొంచెము వివరించెదము. వీడియోలో మనిషి పాడుచున్నట్లు కనబడును గాని ఆ వేళ కంఠము పనిచేయుట లేదు. పాట ముందుగానే పట్టణములోని స్టూడియోలో మైకు ఎదుట పాడి రికార్డు చేయబడును. తరువాత చెరువుకట్టకో పొలముగట్టునకో పోయి, ఆ పాటను స్పీకరులో మ్రోగించి, దానికి సరిగా పెదవులు కదుపుచుండగా ఫోనుతో తీయుదురు. అప్పుడు ఫోనులో పడిన గాలిహోరు, కాకికూత, ట్రాక్టరు మోత అన్నియు తీసివేసి స్టూడియోలోని పాటను ఆ దృశ్యమునకు జతపరతురు. పెదవి కొంచెము వెనుకబడినను చూచువాడు పసిగట్టును. నాలుగు నిముషముల పాటకు రెండు మూడు దినములు పట్టుట యిందువలననే.

ఆ నోటుపుస్తకము చూచి మేము సంతోషించితిమి. ఏ చరణము ఎక్కడ తీయవలెను, ఉదయము ఎండ ఏ ప్రక్కనుండి పడును, ఫోను ఎవరు పట్టుకొనవలెను, స్పీకరుకు చార్జింగు ఎవరి ఇంట పెట్టవలెను, స్టూడియోవానికి ఎంత ఇయ్యవలెను, అన్నియు గళ్లు గీసి వ్రాసిరి. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని లూకా 14వ అధ్యాయములో మన ప్రభువు చెప్పినదానిని ఈ పిల్లలు మనకంటె బాగుగ గ్రహించిరి. సగములో నిలిచిన మన ప్రహరీగోడ పెద్దలకు జ్ఞాపకముండును.

కొందరు పెద్దలు ఇది లోకసంబంధమైన పని యనిరి. ఇట్టి బాణీ ప్రభువునకు తగదనిరి. మేమట్లు తలంచము. పురుషోత్తమ చౌధరిగారు (1803–1890) కీర్తనలు కట్టినప్పుడు దొరల బాణీలను పట్టుకొని యుండక ఈ దేశపు రాగతాళములలో కట్టిరి. నేడు మన అవ్వలు కన్నులు మూసికొని పాడునవి అవియే. పాతబడినంతమాత్రమున బాణీ పరిశుద్ధము కాదు, క్రొత్తదైనంతమాత్రమున అపవిత్రమును కాదు. ఆమోసు 5వ అధ్యాయములో దేవుడు ఇశ్రాయేలీయుల పాటల ధ్వని తనకు వద్దనెను. అక్కడ ఆయనకు రోత పుట్టించినది బాణీ కాదు. గుమ్మమునొద్ద బీదవానికి జరిగిన అన్యాయము.

చిన్న సంగతులు కొన్ని అప్పుడే సరిచేసితిమి. రైలుపట్టాలమీద నడచుచు పాడు దృశ్యమును మేమే కొట్టివేసితిమి. అది ప్రాణమునకు అపాయము, చట్టమునకు విరోధము. నాటు వేయుచున్న స్త్రీలను దూరమునుండి తీసెదమన్నారు. వారు చెట్లు కారు, కొండలు కారు. దగ్గరకు పోయి అడిగి, ఒప్పుకొన్నవారినే తీయుడని చెప్పితిమి. ఆడపిల్లల తలిదండ్రుల అనుమతి లేక ఏదియు యూట్యూబులో పెట్టకూడదు. అక్కడ ఎవడు ఏమి వ్రాయునో మన చేతిలో లేదు.

తరువాత పేర్ల పుట వచ్చెను. మేము ఈ అధ్యాయమును తీయుటకు కారణము ఆ పుటయే.

పాట పాడునది ఒక పిల్ల. ఆమె కంఠమును మీరందరు క్రిస్మసు రాత్రి వింటిరి. ఆ పేరు ఎదుట "గొంతు" అని వ్రాసియుండెను. క్రింద మరియొక పిల్ల పేరు. దాని యెదుట "ముఖము" అని వ్రాసియుండెను. మొదటి పిల్ల నల్లనిది, రెండవది తెల్లనిది. మేము అడుగగా ఒక యౌవనుడు దాచక చెప్పెను: "అయ్యగారూ, యూట్యూబులో చూసేవాళ్లు ముందు ముఖం చూస్తారండీ. సినిమాల్లో కూడా అట్లాగే కదా, పాడేది ఒకరు, కనబడేది ఒకరు."

సినిమా సంగతి కొంత నిజమే. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' కాలమున నటించినవారే పాడవలసియుండెను. 1935లో కలకత్తాలో తీసిన చిత్రములనుండి ఒకరు పాడగా మరియొకరు పెదవులు కదుపు పద్ధతి మన దేశములో నడచినది. అయితే ఘంటసాలగారి కంఠము ఎవరిదని మన తండ్రులు ఎన్నడును మోసపోలేదు. పాడినవారి పేరు వేయుదురు, ఆ పేరునకు గౌరవమును ఇచ్చుదురు. అది బాహాటమైన ఏర్పాటు. ఒకరి రంగు చాలదని ఆమె కంఠమును మరియొకరికి తొడుగుట వేరు సంగతి.

ఇట్టిది పాప్ పాటల దేశములోనే జరిగి, న్యాయస్థానమువరకు పోయినది. మార్తా వాష్ అను నల్లజాతి గాయని అమెరికాలో కలదు. చిన్ననాటినుండి సంఘములో పాడుచు పెరిగినది, స్థూలకాయురాలు. 1990లో సి అండ్ సి మ్యూజిక్ ఫ్యాక్టరీ అను బృందము వెలువరించిన యొక నృత్యగీతములో పైకెగసి మ్రోగు స్త్రీకంఠము ఆమెదే. మరుసటి యేడు ఆరంభమున ఆ పాట అమెరికాలో మొదటి స్థానమునకు వచ్చెను. వీడియోలో మాత్రము ఆమె లేదు. సన్నని యువతి యొకతె పెదవులు కదుపుచు కనబడెను. బ్లాక్ బాక్స్ అను మరియొక బృందపు పాటలకును ఆమె కంఠమే; ముఖము మాత్రము ఒక మోడల్‌ది. ఆమె వ్యాజ్యములు వేసెను. తుదకు రాజీ కుదిరెను. ఆ వీడియోలో పాడినది మార్తా వాష్ అని తెలుపు మాట చేర్చుమని సోనీ కంపెనీయే ఎమ్‌టీవీని కోరవలసి వచ్చెను. డబ్బుకొరకు పాటలమ్ము లోకమే ఇది తప్పని తుదకు ఒప్పుకొన్నది గదా.

గ్రుడ్డివాడైన ఇస్సాకు తన యెదుట నిలిచినవానిని తడిమి చూచి ఆశ్చర్యపడెను (ఆదికాండము 27). చేతులు ఒక కుమారునివి, స్వరము మరియొక కుమారునిది. ఆ యింట అది ఒక దినపు తంత్రము. దాని ఫలమో, ఇరువది యేండ్ల యెడబాటు. తల్లి రిబ్కా తన చిన్న కుమారుని మరల చూచినట్లు లేఖనములో ఎక్కడను లేదు. ఈ పిల్లలు అట్టి దుర్బుద్ధితో చేసిరని మేమనము. వారు మన యిండ్లలో నేర్చుకొన్నదే ఆ పుస్తకములో వ్రాసిరి. పెండ్లిచూపుల వేళ మన క్రైస్తవ గృహములలో మొదటి ప్రశ్న ఏది? పిల్లకు ప్రార్థన కలదా అని కాదు, పిల్ల తెల్లగా నుండునా అని. బల్లయొద్ద ఒకే రొట్టె తిని, ఇంటికి పోయి ఆ ప్రశ్న అడుగుదుము.

ఇప్పుడు ఆ 288 మంది యొద్దకు మరల రండి. వారు ఎవరి పిల్లలు? ఆసాపు, హేమాను, యెదూతూను ముగ్గురును లేవీయులు. లేవి ఎవరి కుమారుడు? లేయా కుమారుడు. రాహేలు రూపవతి, లేయా కన్నులు బాగులేవు. యాకోబు ఆమెను కోరలేదు. తండ్రి ఆమెను రాత్రివేళ ముసుగులో పంపెను. పెనిమిటి చూడనొల్లని ఆ స్త్రీ కడుపున లేవి పుట్టెను. ఆమె నాలుగవ కుమారునికి స్తుతి యను అర్థము వచ్చునట్లు యూదా అని పేరు పెట్టెను; ఆ వంశములో దావీదు, దావీదు వంశములో మన ప్రభువు. యెరూషలేములో పాట నియమించిన రాజును లేయా సంతతియే, పాడిన వారును లేయా సంతతియే. హేమానును గూర్చి ఇంకొక మాట. అతడు సమూయేలు ప్రవక్తకు మనుమడు (1 దినవృత్తాంతములు 6:33). యెష్షయి ఇంట ఏలీయాబు ఎత్తును రూపమును చూచి పొరబడబోయి, దేవునిచేత గద్దింపబడిన సమూయేలే అతని తాత. పైరూపమును చూచి ఎంచకూడదను సంగతిని ఆ యింటివారికి వేరుగా ఎవరును చెప్పనక్కరలేదు.

మరి అందరి ముఖములు చూపుచు వీడియో తీయుట సాధ్యమా యని ఒక పిల్ల అడిగెను. సాధ్యమే. 2009 సెప్టెంబరులో కెనడా దేశమందలి మాంట్రియల్ పట్టణములో క్యూబెక్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు 172 మంది కలిసి, అప్పట్లో పేరుపొందిన యొక పాప్ పాటకు వీడియో తీసిరి. కెమెరాను ఎక్కడను ఆపలేదు, అతుకు లేదు. కెమెరా కాలేజీ వసారాలలోను మెట్లమీదను సాగిపోవుచుండగా ఒక్కొక్కరు కొన్ని క్షణములు ముందుకు వచ్చి తమ మాటకు పెదవి కదిపి తొలగిపోదురు. లావైనవారు, సన్ననివారు, నవ్వు దాచుకొనలేనివారు అందరును కలరు. ఎవరు తడబడినను మొదటినుండి తీయవలసినదే గనుక ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొని యుండవలెను. వారు భక్తికొరకు చేసినది కాదు. క్రొత్త విద్యాసంవత్సరపు ఉత్సాహముకొరకు చేసినది. అయినను 1 కొరింథీయులకు 12వ అధ్యాయములో పౌలు చెప్పిన అవయవముల మాట అందులో మాకు కనబడినది.

పాడు పిల్లను వేరుగా అడిగితిమి. ఆమె తల్లి కూలికి పోవును. సెలవులలో పిల్లయు ఫీజుకొరకు మిరపకోతకు పోవుచున్నది. పరమగీతము మొదటి అధ్యాయములోని యువతివలెనే, ఎండలో ఇతరుల తోట పని చేసినందున వచ్చిన నలుపు కొంత ఆమెయందును కలదు. ఆమె తలవంచుకొని, "పర్లేదు అయ్యగారూ, నా గొంతు వినబడితే చాలు" అనెను. ఇది వినయమని మెచ్చుకొనుటకు మాకు మనస్సు రాలేదు. వెనుక నిలువుము, వెనుక నిలువుము అని చిన్ననాటినుండి విన్నవారి నోటను ఇట్టి మాటయే వచ్చును, అది వినయమువలెనే వినబడును. దేవుడు మోషేతో మాటలాడినప్పుడు అతడును తన నోరు మంచిది కాదని తప్పించుకొన జూచెను. ప్రభువు దానిని మెచ్చుకొనలేదు.

రెండవ పిల్ల చెప్పినది ఇంకను మాకు జ్ఞాపకమున్నది. "నాకూ ఇష్టం లేదండీ. బాగా పాడావని కాలేజీలో అందరూ అంటే నేనేం చెప్పాలి?" ముఖము ఇచ్చినవారికిని భారమే గదా.

అప్పుడు ఏడుగురును అక్కడనే కూర్చుండి ఆ పుటను చింపివేసి క్రొత్తది వ్రాసిరి. చరణములు పాడినపిల్లయే కనబడును. పల్లవికి ఏడుగురును. మిగిలిన దృశ్యములకు ఎవరు ముందో చీటి వేసికొందురు. ఫోను పట్టువాడు చిత్రములో కనబడడు గనుక అతని పేరు తుదిని మొదట పడవలెనని రెండవ పిల్ల పట్టుపట్టెను. గొంతు, ముఖము అను రెండు మాటలు ఆ పుస్తకములో ఇక లేవు.

సంఘపెద్దలలో ఇద్దరు ఇంకను ఒప్పుకొనలేదు. పట్టణపు సంఘములవారు చూచి మన పిల్లలనుగూర్చి ఏమనుకొందురో అని వారి చింత. వారితో వాదము మాకు వద్దు. శనివారపు ప్రార్థనకూటము తరువాత నోటుపుస్తకము బల్లమీద నుండును, పిల్లలును అక్కడ నుందురు; వచ్చి చూచి అడుగవలసినది అడుగుడి. షూటింగు మూడవ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట చెరువుకట్టమీద. తక్కిన దినములలో కోత యున్నది గనుక ఆ తల్లి కూతురిని పంపలేదు.