ఓర్పుకీ ఓ హద్దుంది

తెల్లవారుజామున మూడింటికి మా అక్కయ్యకి దవడ లాగింది. చెమటలు పోశాయి, ఆయాసం వచ్చింది. "గ్యాసే అయ్యుంటుంది, అందరి నిద్రా పాడుచెయ్యడం ఎందుకు?" అనుకుని మజ్జిగ తాగి కూర్చుందిట. తెల్లారాక పాలు కాచి, మనవల టిఫిను బాక్సులు సర్ది, అప్పుడు చెప్పింది. తొమ్మిదయింది.

గుండెపోటుట! ఆస్పత్రిలో క్షణం ఆలస్యం చెయ్యలేదు. మూసుకున్న నాళంలోకి బెలూను పంపి తెరిచి, స్టెంటు పెట్టారు. 1977లో జ్యూరిచ్‌లో గ్రున్‌జిగ్ అనే డాక్టరు, మెలకువగా ఉన్న మనిషి గుండె నాళంలో బెలూను ఊది చూపిన విద్య ఇది. కాని బెలూను దారి తెరుస్తుందేగాని, రక్తం అందక చచ్చిన కండరానికి ప్రాణం పొయ్యదు. అక్కయ్య బతికింది. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

ఓర్పులో స్త్రీ భూదేవి అంటారు. ఆ పొగడ్తకి మురిసి ఎన్ని బాధలు దిగమింగామో! ఎవరికి శ్రమ కలక్కూడదని దాచామో, చివరికి వాళ్ళకే కదా ఎక్కువ శ్రమ? ఎదుటివాళ్ళ తప్పుని ఓర్చుకోవడం మంచితనం కావచ్చు. ఒంట్లో నెప్పిని దాచుకోవడం మటుకు, మనవాళ్ళమీద మనకి నమ్మకం లేకపోవడమే.

స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్రలు వేసుకోవాలి. మొన్న పండగ హడావిడిలో మర్చిపోయానంది.

"పులిహోరలో ఉప్పు మర్చిపోయావుటే?" అన్నాను.

అక్కయ్య నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.