నిద్రలేని తల్లి: మైత్రి ఎవరి బాధ్యత?



పోయిన నెల ఒక ఆదివారం మా పేట విహారంలో వందన అయిపోయింది. అందరూ లేచి వెళ్తున్నా ఒక అమ్మాయి మాత్రం గోడవార కూర్చుండిపోయింది. ఒళ్లో మూడో నెల పాప. హాలు ఖాళీ అయ్యేదాకా ఆగి, నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది.

"పెద్దమ్మా, మైత్రి అంటే తల్లి ప్రేమలాంటిదని ఇందాక చెప్పారు గదా. మొన్న రాత్రి రెండింటప్పుడు నా బిడ్డ మీద నాకు పట్టలేనంత కోపం వచ్చింది. మంచం మీద విసురుగా పడుకోబెట్టి, చెవులు మూసుకుని గోడవైపు తిరిగిపోయాను. నేనసలు తల్లినేనా? నా శీలం పోయినట్టేనా?"

నాకు వెంటనే మాట రాలేదు. ఆమె కళ్ల కింద నలుపు చూస్తే ఎన్ని రాత్రులైందో పడుకోక అనిపించింది. చీర ఉయ్యాల ఊపినంతసేపు పాప కళ్లు మూస్తుందట, చెయ్యి ఆపగానే తెరుస్తుందట. భుజం మీద నిద్రపోతుంది, పక్కమీద వేస్తే లేస్తుంది. భర్త ఆటో నడుపుతాడు, పొద్దున ఐదింటికే స్టేషన్‌కు పోవాలి గనుక వేరే గదిలో పడుకుంటాడు. అత్తగారేమో "మేం కనలేదా, పెంచలేదా" అంటుంది. పక్కింటివాళ్లు దిష్టి తీయించమంటారు, తాయెత్తు కట్టించమంటారు.

ఆ అమ్మాయి అడిగింది చిన్న ప్రశ్న కాదు. అందుకే మీతో కలిసి ఆలోచిద్దామని ఇది రాస్తున్నాను.

బుద్ధుడు మనకు నేర్పిన మొదటి పని, దుఃఖం కనిపిస్తే దాని కారణం వెతకడం. పాప నిద్రపోకపోవడానికి కారణాలున్నాయి. అప్పుడే పుట్టిన బిడ్డ రోజు మొత్తంలో 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, కానీ ముక్కలు ముక్కలుగా. పొట్ట చిన్నది, రెండు మూడు గంటలకే ఆకలేస్తుంది. రాత్రి పగలు తేడా ఒంటికి తెలియడానికి కొన్ని నెలలు పడుతుంది. ఏడుపు కూడా ఆరో వారం దాకా పెరిగి, మూడు నాలుగు నెలలకు చాలామంది పిల్లల్లో తగ్గుతుంది. ఇందులో గ్రహం లేదు, దిష్టి లేదు, తల్లి తప్పు అంతకన్నా లేదు. జ్వరం వస్తే, పాలు తాగకపోతే, డాక్టరుకు చూపించాలి. 22 ప్రతిజ్ఞలు చేసిన ఇంట్లో తాయెత్తుకు చోటు లేదు.

పాప ఏడుపుకు కారణం ఉన్నట్టే తల్లి కోపానికీ కారణం ఉంది. నెలల తరబడి రెండు గంటలు వరసగా నిద్రలేని మనిషికి కోపం రావడం ఆమె గుణం చెడ్డదని కాదు, శరీరం ఇక మోయలేనని చెబుతోందని. ధమ్మం ప్రకారం కర్మ అంటే తెలిసి, తలచి చేసేది. మనసులో కోపం లేవడం వేరు, ఆ కోపం చేతుల్లోకి రావడం వేరు. మన సాధన ఆ రెండింటి మధ్యనే. అందుకే ఆమెతో ఒకమాట గట్టిగానే చెప్పాను: "కోపం వచ్చిందని కుమిలిపోకు. కానీ విసురుగా వేశావే, అక్కడ మాత్రం జాగ్రత్త. ఇంకోసారి అలా అనిపిస్తే పాపను మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టి, గది బయటికొచ్చి, ఓ ఐదు నిమిషాలు ఊపిరి చూసుకో. పాప ఏడ్చినా పర్వాలేదు. ఎంత కోపమొచ్చినా పసిబిడ్డను పట్టుకుని కుదపకూడదు, మెదడుకు దెబ్బ తగిలి ప్రాణం మీదికొస్తుంది." బిడ్డను కింద పెట్టి పక్కకు వెళ్లగలగడం కూడా శీలమే.

ఇక అసలు ప్రశ్న. కరణీయ మెత్త సుత్తంలో ఒక పోలిక ఉంది. ఒక్కగానొక్క బిడ్డను తల్లి తన ప్రాణం అడ్డుపెట్టి ఎలా కాపాడుతుందో, అలా సకల ప్రాణుల పట్ల మైత్రి పెంచుకోవాలని. మనందరికీ తెలిసిన మాటే. కానీ దీన్ని మనం ఎలా వింటున్నాం? తల్లి అంటే అలసిపోకూడదు, విసుక్కోకూడదు అన్నట్టు వింటున్నాం. సుత్తం అలా చెప్పలేదు. తల్లి కాపాడుతుందని చెప్పింది. ఆమెకు కోపం రాదని, నిద్ర రాదని చెప్పలేదు. ఆ అమ్మాయిని నేను అడిగాను: "గోడవైపు తిరిగాక ఏం చేశావు?" "కాసేపటికి లేచి మళ్లీ ఎత్తుకున్నా" అంది. మైత్రి అంటే అదే తల్లీ. అది ఎప్పుడూ ఉప్పొంగే ప్రేమ కాదు. ఒళ్లు లేవనన్నప్పుడు కూడా లేచే నిర్ణయం.

ఇంకో సంగతి చూడండి. ఆ పోలిక తల్లికి చేసిన బోధ కాదు. తల్లి అప్పటికే చేస్తోంది. ఆ బోధ మిగతా అందరికీ: తల్లి తన బిడ్డకు చేసేది మీరు లోకానికి చేయండి అని. అంటే అది ముందు తగలాల్సింది తండ్రికి, అత్తమామలకు, ఇరుగుపొరుగుకు, విహారంలో ముందు వరసలో కూర్చునే మనకు. ఆదివారం సకల ప్రాణులకు మైత్రి పంచి, ఆ రాత్రి పక్కగదిలో బిడ్డ ఏడుస్తుంటే దుప్పటి తలమీదికి లాక్కునేవాడి మైత్రి ఎక్కడిదాకా పోయినట్టు? ఆ "సకల ప్రాణుల్లో" అతని భార్య లేదా?

వినయ పిటకంలో ఒక సంఘటన ఉంది. విరేచనాలతో తన మలంలోనే పడివున్న ఒక భిక్షువును బుద్ధుడు చూశాడు. ఆనందుడితో కలిసి స్వయంగా కడిగి, మంచం మీదికి చేర్చాడు. తర్వాత సంఘాన్ని పిలిచి ఇతన్ని ఎవరూ ఎందుకు చూడలేదని అడిగాడు. ఇతనివల్ల మాకేం ఉపయోగం లేదు, అందుకే చూడలేదన్నారు వాళ్లు. ఒకరినొకరు చూసుకోకపోతే మిమ్మల్ని ఎవరు చూస్తారని బుద్ధుడు నిలదీశాడు. తనకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి సేవ చేయమన్నాడు. బాలింత రోగి కాకపోవచ్చు. కానీ సేవ అవసరమైన మనిషి. బుద్ధుని పటానికి పూలు పెట్టే చేతులు రాత్రి ఒంటిగంటకు ఆ పాపను ఎత్తుకుంటే అదీ వందనే.

"సిద్ధార్థుడే పసిబిడ్డను వదిలి వెళ్లాడు గదా" అని వాదించే మగవాళ్లు మనలోనూ ఉన్నారు. బాబాసాహెబ్ రాసిన "బుద్ధుడు – ఆయన ధమ్మం" మళ్లీ చదవండి. అర్ధరాత్రి చెప్పకుండా వెళ్లిపోయిన కథను ఆయన ఒప్పుకోలేదు. రోహిణీ నది నీళ్ల తగాదాలో యుద్ధం వద్దన్నందుకు సిద్ధార్థుడు ఇల్లు విడవాల్సి వచ్చింది. యశోధరతో మాట్లాడి, ఆమె సమ్మతితో వెళ్లాడు. నిద్రకోసం పక్కగదిలోకి పోయేవాడు ఆ పేరు వాడుకోకూడదు.

ఇప్పుడు నా మాట ఒకటి చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందట మా పెద్దోడు ఇలాగే రాత్రుళ్లు నిద్రపోయేవాడు కాదు. అప్పటికి నేను దీక్ష తీసుకోలేదు. పొద్దున్నే కూలికి పోవాలి. ఎవరో చెబితే రెండు చుక్కలు బ్రాందీ పాలల్లో కలిపి పట్టాను. వాడు నిద్రపోయాడు, నేనూ పోయాను. వాడికేం కాలేదు గానీ, అది అదృష్టమే తప్ప నా తెలివి కాదు. పసిపిల్లలకు మత్తు ప్రాణం తీస్తుంది. తర్వాత ఐదో శీలం తీసుకునేటప్పుడు ఆ రెండు చుక్కలే నాకు గుర్తొచ్చాయి. ఎవరూ మీ పిల్లలకు నిద్రకోసం సారా, బ్రాందీ, దగ్గుమందు పట్టకండి.

కానీ తల్లిని తిట్టి ఊరుకుంటే కారణం వెతికినట్టు కాదు. ఒకప్పుడు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే తల్లులు బిడ్డలకు నల్లమందు మాత్రలు వేసి పనికి పోయేవాళ్లు. బాలగోలీ అనేవాళ్లు వాటిని. ఆ తల్లులు రాక్షసులా? కాదు. కాన్పయినా కూలి పోతుందని పరుగెత్తాల్సిన బతుకు వాళ్లది. ఆ మిల్లు కార్మికుల మధ్యనే, పరేల్ చాల్‌లో, బాబాసాహెబ్ ఏళ్ల తరబడి బతికారు. ఆయన, రమాబాయి తల్లి కన్న ఐదుగురిలో నలుగురు బిడ్డలు పసితనంలోనే పోయారు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లు వచ్చినప్పుడు ఆయన లేచి దాన్ని సమర్థించారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ ఖర్చులో కొంత యజమాని భరించాలని వాదించారు. 1929లో ఆ చట్టం వచ్చింది. 1961లో దేశమంతటికీ ప్రసూతి చట్టం వచ్చింది, 2017 సవరణతో సెలవు 26 వారాలైంది. కానీ మిరపకాయలు కోసే అమ్మకు, ఇళ్లల్లో అంట్లు తోమే అక్కకు ఆ సెలవు ఎవరిస్తారు? చట్టం చేరని చోట సంఘం చేరాలి. తల్లి నిద్ర ఆమె సొంత గొడవ కాదని బాబాసాహెబ్ అప్పుడే చెప్పారు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ పసిబిడ్డ ఉన్న తల్లి ఉంటే, ఈ వారం ఒక్కసారి వెళ్లండి. "పిల్లను నేను చూస్తా, నువ్వు మూడు గంటలు పడుకో" అనండి. సలహాలు ఇవ్వకండి, పిల్లను ఎత్తుకోండి. కాన్పయిన రెండు వారాల తర్వాత కూడా ఆమె దిగులుగా ఉంటే, ఏడుస్తుంటే, బిడ్డకో తనకో ఏదైనా చేసుకోవాలని అనిపిస్తోందంటే, ఆలస్యం చేయకుండా ఆశా కార్యకర్తకు చెప్పి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. అది జబ్బు, పాపం కాదు.

ఆ సాయంత్రమే నేను ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. అబ్బాయి ముందు నసిగాడు: "పొద్దున్నే బండి తీయాలి పెద్దమ్మా." "అది తీయాల్సిన బండి ఏ టైముకీ ఆగదురా" అన్నాను. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. తొమ్మిదిన్నరకు పాలిచ్చి ఆమె పడుకుంటుంది. పన్నెండు దాకా పాప అతని భుజం మీద ఉంటుంది. తెల్లవారుజామున అత్తగారు తీసుకుంటుంది.

పాప ఇప్పటికీ రాత్రి లేస్తూనే ఉంది. పోయిన ఆదివారం వందనకు అబ్బాయే ఎత్తుకొచ్చాడు. మైత్రి గురించి చెబుతుండగా పాప అతని భుజం మీద, అతను కూర్చున్నచోటే, ఇద్దరూ నిద్రపోయారు. ఎవరూ లేపలేదు. ఆ అమ్మాయి మాత్రం కళ్లు తెరుచుకుని చివరిదాకా విన్నది.

నమో బుద్ధాయ! జై భీమ్!